సెలవులో అద్దె బండి: స్కూటరా, గేర్ల బండా, అసలు నడపకుండా ఉండటమా?

థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ దోయ్ ఇంతానన్. 2,565 మీటర్లు. కింద చోమ్ తోంగ్ నుంచి కొండ కొస దాకా తారురోడ్డు ఉంది, 48 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అద్దెకు తీసుకున్న 110 సీసీ స్కూటరు మీద నేనూ మా తమ్ముడూ ఎక్కాం. ఎక్కేటప్పుడు బండి మూలిగింది, అంతే. దిగేటప్పుడు సగం దారిలో ముందు బ్రేకు లివరు మెత్తబడటం మొదలైంది. పైన రెండు వేళ్లతో పట్టుకుంటే ఆగిన బండి, ఇప్పుడు నాలుగు వేళ్లతో నొక్కినా జారుతూనే ఉంది. వెనక నుంచి తమ్ముడు "అక్కా, ఏదో మాడుతోంది" అన్నాడు. కాస్త చదునుగా ఉన్న చోటు చూసి, కాళ్లు కూడా నేలకు ఆనించి ఎలాగోలా ఆపాను. బండి దిగి చక్రం దగ్గర వంగితే డిస్కు నుంచి వచ్చే సెగ మొహానికి కొట్టింది. అరగంట కూర్చున్నాం. చల్లారాక లివరు మళ్లీ గట్టిపడింది, అప్పుడు నడక వేగంతో దిగాం.

ఆ తర్వాత సెలవులకి వెళ్తూ ఏ బండి తీసుకోవాలని ఎవరడిగినా నేను ముందు వాళ్లు వెళ్లే దారి అడుగుతున్నాను. ఎక్కే దారి కాదు, దిగే దారి. ఎక్కలేని బండి మహా అయితే ఆగిపోతుంది. దిగలేని బండి ఆగదు. థాయ్‌లాండ్, వియత్నాం, బాలి లాంటి చోట్ల అద్దెకు దొరికే బండ్లను నేను ఈ లెక్కతోనే పోలుస్తాను.

ముందు కాగితాలు, తర్వాతే బండి

బండ్ల ఫొటోలు చూసే ముందు మీ కాగితాలు ఏ బండికి చెల్లుతాయో చూసుకోండి. సగం ఎంపిక ఇక్కడే తేలిపోతుంది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్లు అన్నీ ఒకటి కావు. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేవి వేరు, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చేవి వేరు. భారత్ ఇచ్చేది 1949 నాటిది. థాయ్‌లాండ్‌లో అది చెల్లుతుంది. వియత్నాం గుర్తించేది 1968 నాటిదాన్ని. కాబట్టి మన పర్మిట్ చేతిలో పట్టుకుని హనోయ్‌లో 110 సీసీ బండి ఎక్కితే చట్టం దృష్టిలో లైసెన్సు లేకుండా నడుపుతున్నట్టే. షాపువాళ్లు ఇవేమీ అడగరు, తాళం చేతిలో పెడతారు. వాళ్లు ఇచ్చారు కదా అంటే పోలీసులూ వినరు, ఇన్సూరెన్సు కంపెనీ అసలే వినదు. అక్కడ 50 సీసీ లోపు బండ్లకు లైసెన్సు అక్కర్లేదు, కానీ అవి ఊరి వీధులకే తప్ప కొండదారులకు పనికిరావు.

పర్మిట్ ఏదైనా అందులో మోటార్‌సైకిల్ వర్గానికి ముద్ర ఉండాలి. కారు లైసెన్సు మీద తీసుకున్న పర్మిట్ రెండు చక్రాల బండికి చెల్లదు. పర్మిట్‌తో పాటు అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాలి. ఇంటి దగ్గర బయల్దేరకముందే తీసుకోవాలి, అక్కడికి వెళ్లాక దొరకదు.

ఇక ట్రావెల్ ఇన్సూరెన్సు. పాలసీలో "మోటార్‌సైకిల్" అన్న మాట ఎక్కడ ఉందో వెతికి, దాని చుట్టూ ఉన్న నాలుగు వాక్యాలూ చదవండి. చాలా పాలసీల్లో మూడు షరతులు కనిపిస్తాయి: చెల్లే లైసెన్సు ఉండాలి, హెల్మెట్ పెట్టుకుని ఉండాలి, ఇంజన్ 125 సీసీ దాటకూడదు. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ చుట్టుపక్కల దేశాల్లో ఎక్కువ మంది ముచ్చటపడే హోండా పీసీఎక్స్ 160, యమహా ఎన్‌మ్యాక్స్ 155 రెండూ ఆ గీతకు అవతలే ఉన్నాయి. మీ పాలసీ 125 దగ్గర ఆగితే మీ ఎంపిక కూడా అక్కడే ఆగాలి. సౌకర్యం కోసం ఆ గీత దాటడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు, ఎందుకంటే కాలు విరిగితే ఆపరేషన్ ఖర్చు మొత్తం మీ జేబులోంచే పోతుంది. థాయ్‌లాండ్‌లో ప్రతి బండికీ తప్పనిసరిగా ఉండే ఇన్సూరెన్సు మనుషుల గాయాలకే, అదీ పరిమితంగా. బండికి జరిగే నష్టం అందులో లేదు.

స్కూటరు

తీరప్రాంతంలో ఉంటూ పది ఇరవై కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు స్కూటరును మించింది లేదు. హోండా క్లిక్ 125, స్కూపీ 110 ఎక్కడ చూసినా దొరుకుతాయి. ఇండోనేషియాలో క్లిక్‌నే వేరియో అంటారు. గేర్ల గొడవ లేదు, సీటు కింద డిక్కీలో రెయిన్‌కోటూ నీళ్ల సీసా పడతాయి. తూలినా కాలు నేలకు అందుతుంది. ఇంతకుముందు స్కూటరు నడిపినవాళ్లు ఇంకేదీ ఆలోచించక్కర్లేదు.

దీనికున్న లోపం ఆ దిగుడు దగ్గరే బయటపడుతుంది. స్కూటర్లో బెల్టు, దాని చివర వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకుని వదిలే క్లచ్ ఉంటాయి. ఎక్సలేటర్ పూర్తిగా మూసేసి నెమ్మదిగా దిగుతుంటే ఇంజన్ తిరగడం ఒక హద్దు కంటే తగ్గగానే ఆ క్లచ్ వదిలేస్తుంది. ఇక బండిని పట్టుకునేది బ్రేకులు మాత్రమే. కిలోమీటర్ల తరబడి బ్రేకు నొక్కి పెట్టి ఉంచితే డిస్కు కాగుతుంది, లోపలి బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, లివరు మెత్తబడుతుంది. వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న బండైతే అదీ పట్టు తప్పుతుంది. నాకు జరిగింది అక్షరాలా ఇదే. ఇద్దరం ఎక్కడంతో బ్రేకుల మీద భారం ఇంకా పెరిగింది.

స్కూటరు మీదే కొండ దిగక తప్పకపోతే బ్రేకును అంటిపెట్టుకుని ఉండొద్దు. గట్టిగా నొక్కి వేగం బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ వేగం పెరిగాక మళ్లీ నొక్కండి. బండి తేలిపోయినట్టు జారుతుంటే ఎక్సలేటర్ కాస్త అందించండి, క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది, అప్పుడు మూస్తే ఇంజన్ కూడా కొంత ఆపుతుంది. పది నిమిషాలకోసారి ఆగండి. వాసన వచ్చేదాకా చూడొద్దు.

పీసీఎక్స్, ఎన్‌మ్యాక్స్ లాంటి పెద్ద స్కూటర్లలో ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు, ఉన్న రకాలు ఉంటాయి. వానలో అది నిజంగా ఆదుకుంటుంది. ఇద్దరు వెళ్లేటప్పుడు సీటు కూడా విశాలంగా ఉంటుంది. కాకపోతే అవి 130 కిలోల పైమాటే. ఇసుక మీద, ఏటవాలు పార్కింగ్‌లో తోసి తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ బరువు తెలుస్తుంది. కాగితాలు అనుమతిస్తే, రోడ్డు బాగుంటే, ఇద్దరైతే నేను పెద్ద స్కూటరే తీసుకుంటాను. ఒక్కరే అయితే క్లిక్ చాలు.

క్లచ్ లివరు లేని గేర్ల బండి

మనవాళ్లు చూసి కూడా వదిలేసే రకం ఇదే. నా మటుకు కొండదారికి ఇదే మంచి బండి. హోండా వేవ్, ఫ్యూచర్, సూపర్ కబ్ ఈ కోవలోవి. 1958లో వచ్చిన సూపర్ కబ్ సంతతి ఇదంతా. 2017 నాటికే ఆ ఒక్క పేరుతో పది కోట్ల బండ్లు తయారయ్యాయి. ఎడమ చేతికి క్లచ్ లివరు ఉండదు, ఎడమ కాలితో గేర్లు మాత్రం మార్చుకోవాలి. మునివేళ్లతో ముందుకు తొక్కితే పై గేరు, మడమతో వెనక్కి తొక్కితే కింది గేరు.

దిగుడులో రెండో గేరులో పెట్టి ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు చల్లగా ఉంటాయి, మలుపు దగ్గర అవసరమైనప్పుడు పూర్తిగా పనిచేస్తాయి. చక్రాలు 17 అంగుళాలవి. స్కూపీ చక్రం 12, క్లిక్‌ది 14. గతుకులో పడినప్పుడు ఈ తేడా నడుముకు తెలుస్తుంది. బండి బరువు వంద కిలోల దగ్గరే, పడినా ఒక్క మనిషి లేపగలడు.

పరిచయానికి మాత్రం ఒక పూట కావాలి. గేరు పెడల్‌ని తొక్కిపట్టి ఉంచినంతసేపూ క్లచ్ విడిపోయి ఉంటుంది. తొక్కిపట్టి, ఎక్సలేటర్ తిప్పి, అప్పుడు కాలు తీస్తే బండి ఎగిరి దూకుతుంది. గేరు మార్చేటప్పుడు ఎక్సలేటర్ మూసి ఉండాలి, తొక్కి వెంటనే వదలాలి. వేగంగా పోతూ ఒకేసారి మొదటి గేరుకు దించితే వెనక చక్రం పట్టేసి జారుతుంది. ఇవి రెండూ చేతనయ్యేదాకా ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ నుంచి పాయ్ ఊరికి వెళ్లే 1095 నంబరు రోడ్డు ఎక్కొద్దు. ఆ దారిలో 762 మలుపులని చెప్పుకుంటారు.

పూర్తి గేర్ల బండి

హోండా ఎక్స్‌ఆర్ 150, సీఆర్‌ఎఫ్ 300 లాంటివి మట్టిదారులకు, రోజుల తరబడి సాగే కొండ ప్రయాణాలకు. ఇంటి దగ్గర రోజూ క్లచ్ బండి నడిపేవాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పను. సెలవులో గేర్లు నేర్చుకోవడం తప్పు ఆలోచన. సీఆర్‌ఎఫ్ 300 సీటు ఎత్తు 880 మిల్లీమీటర్లు, పీసీఎక్స్‌ది 764. దాదాపు పన్నెండు సెంటీమీటర్ల తేడా. నా ఎత్తువాళ్లకు సీఆర్‌ఎఫ్ మీద మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి, ఏటవాలులో ఆగితే ఒక పక్కకు ఒరిగిపోవడమే.

ఎలక్ట్రిక్ స్కూటర్లు కూడా అద్దెకు వస్తున్నాయి. ఊళ్లో హాయిగా ఉంటాయి. ఇద్దరు ఎక్కి ఎత్తు ఎక్కితే చెప్పిన దూరం రాదు, ఛార్జింగ్ ఎక్కడో ముందే తెలిస్తేనే తీసుకోండి.

చేతుల అలవాటు

ఇది ఎవరూ చెప్పని సంగతి, అందుకే కాస్త ఆగి చెప్తాను. కంగారులో మనిషి ఆలోచించడు, చేతులూ కాళ్లూ పాత అలవాటు ప్రకారం కదులుతాయి. రోజూ క్లచ్ బండి నడిపే మనిషి స్కూటరు ఎక్కాడనుకోండి. ఎదురుగా కుక్క అడ్డం వస్తే ఎడమ చెయ్యి క్లచ్ అనుకుని లివరు మొత్తం లాగేస్తుంది. స్కూటర్లో అది వెనక బ్రేకు. తడి రోడ్డు మీద వెనక చక్రం పట్టేసి బండి పక్కకు పడుకుంటుంది. దీనికి తిరగేసిన కథ వేవ్‌ది. రోజూ స్కూటరు నడిపే మనిషి ఎడమ చెయ్యి బ్రేకు కోసం వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. వెనక బ్రేకు కుడి కాలి కింద ఉంది.

అందుకే "ఏది మంచి బండి" అనే ప్రశ్నకు ముందు "మీ చేతులకు ఏది అలవాటు" అనేది రావాలి. అలవాటైన రకాన్నే తీసుకోండి, కొత్త దేశంలో కొత్తవి ఇంకా చాలా ఉంటాయి. థాయ్‌లాండ్, ఇండోనేషియా, మలేషియా, శ్రీలంకల్లో ఎడమ వైపు నడపాలి. వియత్నాం, లావోస్, కంబోడియా, ఫిలిప్పీన్స్‌లలో కుడి వైపు. బండీ కొత్తదై, రోడ్డు వైపూ మారితే అది ఒకేసారి రెండు పాఠాలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అందుకే నేను థాయ్‌లాండే చెప్తాను.

వాన

ఉష్ణమండలంలో వాన చెప్పి రాదు. చినుకు మొదలైన తొలి పది పదిహేను నిమిషాలే అన్నిటికంటే ప్రమాదం. రోడ్డు మీది దుమ్మూ ఆయిలూ నీళ్లతో కలిసి పైకి తేలుతాయి. ఆ కాసేపు ఏదైనా చూరు కిందకి వెళ్లిపోవడం మంచిది. తెల్లగీతలు, ఇనుప మూతలు, పడిన ఆకులు తడిస్తే సబ్బు రాసినట్టే.

లెక్క చూడండి. గంటకు 40 కి.మీ. వేగంతో పోతుంటే సెకనుకు 11 మీటర్లు కదులుతున్నాం. చూసి, తేరుకుని, బ్రేకు నొక్కేలోపు ఒకటిన్నర సెకన్లు పోయాయంటే 17 మీటర్లు. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 12. మొత్తం 29 మీటర్లు. అదే 60తో పోతే ఆ మొత్తం 53 మీటర్లవుతుంది. తడి రోడ్డైతే ఇంకా ఎక్కువ. మామూలు సెలవుల బండికి 40, 50 చాలు, అందుకే ఇంజన్ బలం చూసి బండి ఎంచుకోవడంలో అర్థం లేదు.

నెల కూడా చూసుకోండి. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు. అక్కడే సమూయ్ దీవి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు. బాలిలో నవంబరు నుంచి మార్చి. వియత్నాం నడిమి తీరంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు. వాన నెలల్లో కొండదారి పెట్టుకుంటే ఏబీఎస్ ఉన్న బండి అడగండి, లేదా కింద చెప్పే దారి చూడండి.

నడపకుండా వెళ్లడం

దీన్ని ఓటమి అనుకోవద్దు. వియత్నాం ఉత్తరాన హా జాంగ్ కొండదారి అందం మాటల్లో పెట్టలేం. అక్కడి మా పీ లెంగ్ కనుమలో ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోతున న్యో క్వే నది. ఆ దారంతా స్థానికుల వెనక కూర్చుని తిరగొచ్చు, వాళ్లను ఈజీ రైడర్లు అంటారు. అక్కడ మన పర్మిట్ చెల్లదు కాబట్టి, మన లైసెన్సుతో వెళ్లేవాళ్లకు నా దృష్టిలో ఇది పోలిక అక్కర్లేని ఎంపిక. నదిని చూడాలంటే కళ్లు రోడ్డు మీద నుంచి తీయాలి కదా, నడిపే మనిషికి ఆ అవకాశం లేదు.

వియత్నాం నడిమి తీరంలో హ్వే, దా నాంగ్ ఊళ్ల మధ్య హై వాన్ కనుమ కూడా అంతే, 21 కిలోమీటర్లు. 2005లో తెరిచిన సొరంగంలోకి బైకులను రానివ్వరు, కాబట్టి కార్లూ బస్సులూ సొరంగంలోకి పోయి, పై దారి బైకులకు ఖాళీగా మిగిలింది. ఊళ్లలో అయితే ఫోన్ యాప్‌లో పిలిచే గ్రాబ్ బైకులు, ఇండోనేషియాలో గోజెక్ బైకులు కూడా ఉన్నాయి. రోజుకు రెండు మూడు చోట్లకే వెళ్తుంటే అద్దె కంటే అదే నయం. సాయంత్రం ఒక గుక్క తాగే ఉద్దేశం ఉన్నా అదే. వియత్నాంలో 2020 జనవరి 1 నుంచి నోట్లో మద్యం ఆనవాలు ఏమాత్రం ఉన్నా శిక్షే.

షాపులో

షాపులను పోల్చేటప్పుడు అద్దె మీద కాదు, టైరు మీద పోల్చండి. మోకాళ్ల మీద కూర్చుని చూడండి. గాళ్లు అరిగి నున్నగా ఉన్న టైరైతే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది, 3219 అని ఉంటే అది 2019లో 32వ వారం తయారైంది. తర్వాత ముందు బ్రేకు లివరు నొక్కి పట్టండి. హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చినా, నొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతున్నా ఆ బండి కొండకు పనికిరాదు. హారన్, ఇండికేటర్లు, వెనక లైటు చూడటానికి ఒక నిమిషం.

పాస్‌పోర్టు తాకట్టు అడిగే షాపులో తీసుకోకండి. ఒక గీత పడితే ఎంత అడిగినా ఇచ్చుకోవాల్సిందే, అది వాళ్ల చేతిలో ఉంది కాబట్టి. డబ్బు డిపాజిట్ తీసుకునే షాపులు ఉంటాయి, నాలుగడుగులు నడిచి వెతకండి. బండి చుట్టూ వీడియో తీసేటప్పుడు షాపు మనిషి కూడా పక్కనే ఉండాలి.

హెల్మెట్ విషయంలో షాపు ఇచ్చిన టోపీతో సరిపెట్టుకోవద్దు. హెల్మెట్ వల్ల మరణం 42 శాతం, తల గాయాలు 69 శాతం తగ్గుతాయని ఎన్నో పరిశోధనలను కలిపి బేరీజు వేసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అది తల మీద నిలిచే హెల్మెట్ మాట. పట్టీ బిగించి, వెనక నుంచి పైకి తోసి చూడండి, ఊడి వస్తే మార్చమనండి. నెల రోజులు తిరిగేవాళ్లైతే ఒకటి కొనుక్కోండి, లేదా ఇంటి నుంచే పట్టుకెళ్లండి. చెప్పులు కాదు, బూట్లు. బండి దిగేటప్పుడు ఎడమ వైపుకే దిగండి. కుడి వైపు కాలుతున్న సైలెన్సర్ ఉంటుంది. తీరాల్లో విదేశీయుల కుడి పిక్కకు కనిపించే ఆ గుండ్రటి కట్టు దాని పనే.

తాళం చేతికి వచ్చాక సామాను వేసుకుని బయల్దేరకండి. ఖాళీ స్థలం చూసుకుని ఒక్కరే ఇరవై నిమిషాలు నడపండి. నడపడం కాదు, ఆపడం సాధన చేయండి. ఇరవైతో వచ్చి ఆపండి, ముప్ఫైతో వచ్చి ఆపండి, ముందు బ్రేకు ఎంత నొక్కితే ఎంత పడుతుందో వేళ్లకు తెలియాలి. తర్వాత వెనక మనిషిని ఎక్కించుకుని మళ్లీ ఇదే. చెయ్యి ఇంకా లేని లివరు కోసం వెతుకుతుంటే, ఆగినప్పుడు కాలు సరిగా అందకపోతే, మొహమాటపడకుండా వెనక్కి తీసుకెళ్లి ఇంకో రకం అడగండి. అద్దెకు తీసుకున్న గంటలో అడిగితే మార్చి ఇవ్వడం షాపుకు కష్టం కాదు. కొండ మీద ఉండగా అనిపిస్తే మార్చుకోవడానికి షాపు ఉండదు.